శుద్ధ నాదోపాసకులకు ఒక విన్నపం

గాడి మీద ముల్లు నడిచి మోగే వినైల్ రికార్డులు వినేవారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. డిజిటల్ సంగీతంలో ప్రాణం లేదని ప్రవచనం చెబుతూ, తాము వినక, మనల్ని విననివ్వని వారి మీదనే ఉన్నది. వారిని మీరూ ఎరుగుదురు.

పాట వినిపిస్తామని వారు మనల్ని కూర్చోబెడతారు. రికార్డు అంచులను మాత్రమే అరచేతులతో పట్టి బయటికి తీసి, కార్బన్ ఫైబర్ కుంచెతో ధూళి తుడుస్తారు. ప్లేయరు వాలిందేమోనని రసమట్టం పెడతారు. ముల్లు గాడి మీద మోపే బరువు రెండు గ్రాములు దాటిందేమోనన్న శంక కలిగి, చిన్న త్రాసు తెస్తారు. ఎట్టకేలకు ముల్లు దిగి చిటపటలు వినిపించగానే, దుమ్ము ఇంకా పోలేదనుకున్న మన అజ్ఞానానికి జాలిపడి, అదే అసలైన నాదమని వివరిస్తారు. వివరణ ముగిసేసరికి ఇరవై నిమిషాల పక్క కాస్తా అయిపోతుంది గనుక, రికార్డు తిరగవేసి మళ్ళీ కుంచె అందుకుంటారు.

1948లో వచ్చిన ఎల్పీ, అంటే ఈ పెద్ద రికార్డు, నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. లోపలికి పోయేకొద్దీ చుట్టు చిన్నదై, ముల్లు కింద సాగే గాడి పొడవు తగ్గి, చివరి పాటలో స్పష్టత సన్నగిల్లుతుంది. 1982 నాటి సీడీకి ఈ అవస్థ లేదు. ఈ సంగతి చెబితే, మన చెవులకు సంస్కారం లేదంటారు. సంస్కారం ఉన్న చెవుల సంగతి 2022లో తేలింది: నాదాన్ని అంకెలుగా మార్చకుండా గాడిలోకి దించే అనలాగ్ శుద్ధికి పేరుపడిన మొబైల్ ఫిడెలిటీ సంస్థ, తన రికార్డుల తయారీలో ఒక డిజిటల్ దశ ఉందని ఒప్పుకున్నది. ఆ గుట్టును పట్టుకున్నది ఏ చెవీ కాదు. అది నోటి మాటగా పొక్కింది.

మరి రికార్డు ఎందుకు నచ్చుతుంది? పాటను దాటవేయడం కష్టం గనుక. నచ్చని మూడో పాటను తప్పించాలంటే లేవాలి, చేయి వణకకుండా ముల్లెత్తాలి. బద్ధకించి వినగా వినగా, ఒకనాటికి ఆ పాటే ఇష్టమవుతుంది. అడుగు వెడల్పు అట్ట మీద వాయిద్యకారుల పేర్లు కళ్ళద్దాలు లేకుండా చదువుకోవచ్చు. ఇంతమాత్రం ఒప్పుకుంటే ఎవరి పరువూ పోదు.

సంగీతం అమ్మకాల లెక్కలు తీసే లూమినేట్ సంస్థ 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం, అమెరికాలో రికార్డులు కొన్నవారిలో సగం మందికే ప్లేయరు ఉంది. అభిమాన గాయకుడికి నాలుగు డబ్బులు అందాలని కొన్నవారిని వదిలేద్దాం. పైనున్న ప్లాస్టిక్ పొర చింపితే ధర పడిపోతుందని కాపలా కాసేవారికి మాత్రం సిగ్గుండాలి! ఒక మనిషి గుండె చిక్కబట్టుకుని పాడిన పాటను, పక్కనే మరొకడు వేళ్ళు నొప్పెట్టేదాకా వాయించిన వాద్యాన్ని గోడకు ఉరివేసి, రసికులమని చెప్పుకుంటారా? కంపెనీలు మీ రసికత కనిపెట్టే, అవే పాటలను ఎరుపులో ఒకసారి, నీలంలో ఒకసారి మీకే అమ్ముతున్నాయి. ఆ రికార్డును, గీతలు పడి అరిగేదాకా వినేవాడికి ఇచ్చెయ్యండి. గోడ మీద ఖాళీ అట్ట వేలాడినా మీకు తేడా తెలియదు.