నల్లగొండలో కూర్చుని కోడ్ రాసేవాళ్లు ఏ పత్రికలు చదవాలి?

మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో ఐటీ టవర్ 2023 మే నెలలో మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో నల్లగొండ ఐటీ హబ్ తెరుచుకుంది. వీటికి తోడు కరోనా కాలంలో ఊరికొచ్చి మిర్యాలగూడలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఇంటి నుంచే పని చేస్తూ ఉండిపోయినవాళ్లున్నారు. ఈ హబ్‌ల గురించి ఎప్పుడు మాట వచ్చినా ఎన్ని కంపెనీలు వచ్చాయి, ఎన్ని సీట్లు నిండాయి అన్న లెక్కలే వినిపిస్తాయి. ఉద్యోగం వచ్చిన పిల్లలు పదేళ్ల తర్వాత కూడా గట్టి ప్రోగ్రామర్లుగా నిలబడాలంటే వాళ్లకు ఏం కావాలన్నది మాత్రం చర్చకు రావడం లేదు. అందులో ఒక ముక్క గురించి, అంటే చదవాల్సిన పత్రికల గురించి రాస్తున్నాను.

హైటెక్ సిటీలో పెద్ద కంపెనీలో చేరిన ఫ్రెషర్‌కు పక్క సీట్లో సీనియర్ ఉంటారు. కోడ్ రివ్యూలో నాలుగు చీవాట్లు తిని ఎనిమిది విషయాలు నేర్చుకుంటాడు. శనివారం మీటప్ ఉంటుంది, క్యాంటీన్‌లో వేరే టీమ్‌వాళ్లు తమ సిస్టమ్ ఎందుకు పడిపోయిందో చెప్పుకుంటుంటే చెవిన పడుతుంది. ఇక్కడ ఐదారుగురుండే చిన్న టీమ్‌లో ఆ అవకాశం లేదు. అందరిదీ ఇంచుమించు ఒకే అనుభవం, ఒకే క్లయింట్ పని. వచ్చిన టికెట్, అంటే అప్పగించిన చిన్న పని, మూసేయడం, ఇంకో టికెట్ తీసుకోవడం. రెండు మూడేళ్లలో ఆ పని చేతికి అలవాటైపోతుంది, ఎదుగుదల అక్కడే ఆగుతుంది. పెద్ద సిస్టమ్‌లు కట్టినవాళ్ల మాట వినే దారి ఇక్కడి ప్రోగ్రామర్‌కు పత్రికే. అందుకే ఆ ఎంపిక హైదరాబాద్‌వాళ్లకంటే మనకు ఎక్కువ ముఖ్యం.

యూట్యూబ్ ఉంది, ఏఐ ఉంది, ఇంకా పత్రికలెందుకని అడుగుతారు. అడిగినదానికి జవాబు చెప్పడంలో ఏఐ సాధనాలు నిజంగా బాగా పనికొస్తున్నాయి, నేనూ రోజూ వాడుతున్నాను. కానీ మనకు ఏ ప్రశ్న అడగాలో తెలిస్తేనే అది జవాబిస్తుంది. డేటాబేస్‌లో ఒకరు మారుస్తున్న సమాచారాన్ని ఇంకొకరు ముట్టకుండా ఆపే లాక్‌ల వల్ల ఇబ్బంది రావచ్చన్న సంగతే తెలియనివాడు దాని గురించి అడగడు. మంచి పత్రిక మనం అడగని సంగతిని తెచ్చి ముందు పెడుతుంది. ఒక ఎడిటర్ కూర్చుని, ఇది మిగతావాళ్లకూ తెలియాలి అని నిర్ణయించి వేసిన వ్యాసం అది.

పత్రిక మంచిదా కాదా తేల్చుకోవడానికి నేను వాడే పరీక్ష ఒకటుంది. ఐదేళ్ల కిందటి సంచిక తీసి ఒక వ్యాసం చదవండి. ఇప్పటికీ ఉపయోగపడితే ఆ పత్రికకు మీ సమయం ఇవ్వొచ్చు. కొత్త వెర్షన్‌లో ఏం వచ్చింది, ఏ ఫ్రేమ్‌వర్క్ ఏ ఫ్రేమ్‌వర్క్‌ను దాటింది అన్న కబుర్లే నిండిన పత్రిక ఈ పరీక్షలో నిలవదు.

దీంట్లో అందరికంటే గట్టిగా నిలిచేది, ఏసీఎం అనే అంతర్జాతీయ కంప్యూటర్ నిపుణుల సంఘం వేసే కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం. 1958లో మొదలైన నెలసరి పత్రిక. ఈ రోజు డేటాబేస్ నుంచి సమాచారం అడగడానికి మనం రాసే ఎస్‌క్యూఎల్‌కు మూలమైన, సమాచారాన్ని పట్టికలుగా అమర్చే రిలేషనల్ మోడల్‌ను ఐబీఎంలో పనిచేసే కాడ్ 1970లో ప్రతిపాదించింది ఇందులోనే. ప్రోగ్రామును ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకించే గోటూ ఆదేశం వాడకం మీద డైక్‌స్ట్రా లేఖ 1968లో, ప్రోగ్రామును మాడ్యూళ్లుగా ఎలా విడగొట్టాలో పార్నాస్ రాసిన వ్యాసం 1972లో, ఆర్‌ఎస్‌ఏ ఎన్‌క్రిప్షన్ పద్ధతి, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్‌లలో కాలం గురించి లాంపోర్ట్ పరిశోధన రెండూ 1978లో వచ్చాయి. పార్నాస్ వ్యాసం ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడి ముక్కలుగా కట్టే మైక్రోసర్వీసుల పేరుతో కొట్టుకుంటున్న ప్రతి టీమూ చదవాల్సింది. ఏ ముక్క ఎక్కడ కోయాలన్న ఇప్పటి గొడవకు అందులో నేరుగా జవాబుంది. ఒకప్పుడు ఇవన్నీ సభ్యత్వం ఉన్నవాళ్లకే. 2000 సంవత్సరం దాకా ఉన్న పాత నిధిని ఏసీఎం 2022లో అందరికీ తెరిచింది. 2024 నుంచి ఈ పత్రికే పూర్తిగా ఉచితం. డబ్బు లేదన్న అడ్డు ఇక్కడ తొలగిపోయింది. అయితే ఇప్పటి సంచికల్లో సగం విధానాల చర్చలు, విద్యారంగం ముచ్చట్లు ఉంటాయి. అవి వదిలేసి ప్రాక్టీస్ విభాగంలోని వ్యాసాలకు వెళ్లండి.

ఆ విభాగానికి ముడిసరుకు ఎక్కువగా వచ్చేది ఏసీఎం క్యూ నుంచి. 2003లో పనిచేసే ఇంజనీర్ల కోసమే పెట్టారు. ఒక్క పత్రికే ఎంచుకోమంటే నేను దీన్నే చెబుతాను. గూగుల్ లోపల ఎన్నో సర్వర్ల మీద ప్రోగ్రాములను నడిపించే బోర్గ్, ఒమేగా అనే సిస్టమ్‌లు నడిపి, తర్వాత అదే పనికి అందరూ వాడుకునే కుబర్నెటిస్ తయారుచేసిన ఇంజనీర్లు పదేళ్ల అనుభవంలో ఏది కుదిరింది, ఏది చేసి ఉండకూడదు అని 2016లో ఇందులో రాశారు. కుబర్నెటిస్ కోచింగ్‌కు అమీర్‌పేటలో వేలు పోసి ఏ కమాండ్ ఎలా కొట్టాలో నేర్చుకొచ్చినవాళ్లకు, అది అలా ఎందుకు ఉందో ఈ ఒక్క వ్యాసంతో అర్థమవుతుంది.

లినక్స్ సర్వర్లతో పని ఉన్నవాళ్లకు ఎల్‌డబ్ల్యూఎన్ తప్పనిసరి అంటాను. 1998 నుంచి వారం వారం వెబ్‌లో వస్తోంది. 2002లో మూతపడే దాకా వచ్చి, పాఠకుల చందాలతో నిలబడింది. కొత్త సంచిక చందాదారులకే, వారం దాటాక అందరికీ ఉచితం. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ మెమరీని మామూలు ప్రోగ్రాముల నుంచి విడదీసే కైజర్ అనే మార్పు గురించి 2017 నవంబరులోనే అది వివరంగా రాసింది. దాని అవసరం లోకమంతటికీ తెలిసింది 2018 జనవరిలో, ప్రాసెసర్లలోని మెల్ట్‌డౌన్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు. ఆ వ్యాసం చదివి ఉన్న అడ్మిన్‌కు జనవరిలో టెన్షన్ కొంతైనా తగ్గి ఉంటుంది.

సీ ప్లస్ ప్లస్ భాషలో రాసేవాళ్లకు ఓవర్‌లోడ్ అనే పత్రిక ఉంది. సర్వర్ల నిర్వహణ చూసేవాళ్లకు యూజనిక్స్ సంస్థ వ్యాసాలు, సదస్సుల పత్రాలు ఉచితంగా ఉన్నాయి. ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంఘం వేసే ఐఈఈఈ సాఫ్ట్‌వేర్ మంచిదే గానీ చందా సొంతంగా కట్టాలంటే ఆలోచించాలి. కంపెనీ కడితే తీసుకోండి.

మన దేశం నుంచి వచ్చేవాటిలో ఢిల్లీ నుంచి వెలువడే ఓపెన్ సోర్స్ ఫర్ యు గురించి చెప్పాలి. 2003లో లినక్స్ ఫర్ యు పేరుతో మొదలైంది. వ్యాసాల స్థాయి ఒక్కలా ఉండదు. కానీ రాసేవాళ్లలో మన కాలేజీల లెక్చరర్లు, మన ఇంజనీర్లు ఉంటారు, ఇంగ్లిష్ తేలిగ్గా ఉంటుంది. కొత్తగా చదవడం మొదలుపెట్టేవాళ్లకు మంచి మెట్టు.

పత్రికను ఎవరి డబ్బు నడుపుతోందో కూడా చూడండి. 1976లో పుట్టిన డాక్టర్ డాబ్స్ ఒక తరం ప్రోగ్రామర్లను తయారుచేసింది. చదివేవాళ్లు బాగానే ఉన్నా ప్రకటనల రాబడి పడిపోయి 2014 చివర్లో ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్ సొంతంగా నడిపిన ఎంఎస్‌డీఎన్ మ్యాగజైన్ 2019 నవంబరు సంచికతో ముగిసింది. కంపెనీ పత్రిక ఆ కంపెనీ సరుకులో లోపాలు ఎంతవరకు రాస్తుందో వేరే చెప్పక్కర్లేదు. చందాల మీదో, వృత్తి సంఘం మీదో నడిచేవి మొహమాటం లేకుండా రాయగలుగుతున్నాయి. మనకు నచ్చినదానికి ఏడాదికోసారి చందా కట్టడం ఆ కారణంగానూ అవసరం.

ఇక జాగ్రత్తపడాల్సిన సంగతి. డబ్బు కడితే మూడు రోజుల్లో వేస్తామని లెక్చరర్లకు, ఎంటెక్ విద్యార్థులకు మెయిళ్లు పంపే జర్నళ్లు కుప్పలుగా ఉన్నాయి. ఎవరూ పరిశీలించని పేపర్లు గూగుల్‌లో వెతికితే పైనే కనబడతాయి, మన జూనియర్లు అవి నమ్మి డిజైన్లు చేస్తారు. ఏది నమ్మదగ్గదో చెప్పడానికి యూజీసీ నడిపిన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపేసింది, తేల్చుకునే బాధ్యత కాలేజీల మీద పెట్టింది. ప్రోగ్రామర్‌కు దగ్గరి దారి ఏమిటంటే ఎడిటోరియల్ బోర్డులో ఉన్నవాళ్లు నిజంగా ఆ రంగంలో పనిచేసినవాళ్లేనా అని చూడటం, ఆ పేపర్‌ను ఇంకెవరు వాడుకున్నారో చూడటం. పైగా కంప్యూటర్ సైన్స్‌లో గట్టి పరిశోధన చాలావరకు జర్నళ్లకంటే ముందు సదస్సుల్లోనే వస్తుంది.

ప్రభుత్వ విద్యాసంస్థలన్నిటి తరఫున జర్నళ్ల చందా ఒకేచోట కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకాన్ని కేంద్రం 2024 నవంబరులో ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. ఐఈఈఈ, ఏసీఎం రెండూ అందులో ఉన్నాయి. నల్లగొండ మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయాల వంటి ప్రభుత్వ సంస్థల విద్యార్థుల కోసం పెట్టిన పథకమిది. చదువు అయిపోగానే ఆ తలుపు మూసుకుంటుంది. ప్రైవేటు కాలేజీలు మొదటి దశలో లేవు, ఉద్యోగం చేసుకునే ప్రోగ్రామర్ అసలే లేడు. ఆఖరి సంవత్సరంలో ప్రాజెక్టు రిపోర్టు మీద పెట్టే శ్రమలో సగం ఈ జర్నళ్లు చదవడం నేర్పడం మీద పెడితే పిల్లలు బాగుపడతారు.

భాష పెద్ద అడ్డే, దాన్ని దాచాల్సిన పని లేదు. దేవరకొండలోనో అచ్చంపేటలోనో తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు ఏసీఎం వ్యాసం మొదటి పేజీలోనే విసుగు పుట్టిస్తుంది. నిజాం పాలనలో తెలుగుకు చోటే లేని 1922లో ఈ నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. కంప్యూటర్ ఎరా లాంటి తెలుగు మాసపత్రిక మామూలు జనానికి కంప్యూటర్ నేర్పింది. ప్రోగ్రామర్లకు లోతైన వ్యాసాలు తెలుగులో దొరకడం మాత్రం ఇప్పటికీ అరుదే. అవి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. నలుగురు కలిసి వారానికి ఒక్క వ్యాసం చదివి, ఒకరు తెలుగులో వివరిస్తే చాలు. ఐటీ హబ్‌లో శనివారం పొద్దున ఒక గది ఇస్తే అయ్యే పని ఇది.

గ్రంథాలయాలు కూడా ముందుకు రావాలి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మనందరం కడుతున్నాం. జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో గ్రూప్స్, డీఎస్సీకి చదివే పిల్లలకు పుస్తకాలు తెప్పిస్తున్నారు, అది మంచి పని. అదే హాల్లో ఓపెన్ సోర్స్ ఫర్ యు ప్రింట్ కాపీ, ఎల్‌డబ్ల్యూఎన్ చందా ఒకటి, ఉచితంగా దొరికే పత్రికల పేర్లు రాసి అంటించిన ఒక కంప్యూటరు అడుగుతున్నాను. శనివారం చదువుకు మొదటి వారం కుబర్నెటిస్ వ్యాసం పెట్టుకోండి, కుబర్నెటిస్ నడిపించే కంటైనర్లు, అంటే ప్రోగ్రామును దానికి కావాల్సినవాటితో కలిపి కట్టిన పొట్లాలు, తెలియని టీమ్ ఇప్పుడు తక్కువే. పార్నాస్‌ది రెండో వారానికి.