థీసిస్ బీరువాలో, రైతు వాట్సాప్‌లో

నెల్లూరు జిల్లా విడవలూరు వైపు రొయ్యల రైతు పొద్దున లేచి ఫోన్లో ముందు చూసేది వంద కౌంట్ (కిలోకు వంద రొయ్యలు) ఎంత పలుకుతోంది, ముప్పై కౌంట్ ఎంత అని. ఆ కిందనే ఎవరో పంపిన మెసేజ్ ఉంటుంది, ఫలానా పొడి గుంటలో చల్లితే తెల్లమచ్చ పోతుందని. అది వైరస్ జబ్బు, వచ్చాక తగ్గించే మందు లేదు. ఈ ముక్క చెప్పగల చదువు అదే జిల్లాలో ముత్తుకూరు మత్స్య కళాశాలలో ఉంది. కానీ మన పరిశోధకుల్లో చాలామందికి వాట్సాప్ అంటే గుడ్ మార్నింగులు, ఫేస్‌బుక్ అంటే వైవా, అంటే పీహెచ్‌డీ మౌఖిక పరీక్ష రోజు శాలువా ఫొటో, అంతే!

నెల్లూరు మసూరి వరి సంగతి చూడండి. 34449 అని నంబరుతో సహా రైతు నోట నానిందంటే పరిశోధన పత్రాలు చదివి కాదు, పక్క చేలో చూసి, ఒకరికొకరు చెప్పుకుని. సోషల్ మీడియా చేసేదీ ఆ పనే, కాకపోతే గట్టు దాటి ఇంకాస్త దూరం పోతుంది.

థీసిస్‌ను రెక్సిన్ బైండు చేయించి, బంగారు అక్షరాలు కొట్టించి ఇచ్చేస్తే పని అయిపోయిందనుకుంటే ఎలా? మన దేశపు థీసిస్‌లు ఆన్‌లైన్లో దాచే శోధగంగలో మీ థీసిస్ ఉంటే ఆ లింకుకు తెలుగులో నాలుగు వాక్యాలు జోడించి పెట్టండి. ఆర్కిడ్ (ORCID) నంబరు తీసుకోండి, పరిశోధకుడికి అదొక గుర్తింపు సంఖ్య, 16 అంకెలు, పైసా ఖర్చు లేదు. ఇంటిపేరు ఒక పేపర్లో ముందు, ఇంకో పేపర్లో వెనక, మూడో దాంట్లో పొడి అక్షరమై కూర్చునే మనవాళ్లకు ఇది మరీ అవసరం, లేకపోతే ఏ వెంకటేశ్వర్లు రాసింది ఏదో పరిశోధన పత్రాలు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌కు కూడా తేలదు. పరిశోధకుల సోషల్ మీడియా సైటు రీసెర్చ్‌గేట్‌లో ఊరికే పీడీఎఫ్‌లు పోగేయడం కాదు, అవతలివాళ్ల పేపర్ చదివి ఒక ప్రశ్న అడగండి, పరిచయాలు అలానే పెరుగుతాయి. పబ్లిషర్ అచ్చు వేసిన కాపీని మాత్రం అనుమతి చూసుకోకుండా ఎక్కించొద్దు. ప్రచురణకర్తలు 2017లో రీసెర్చ్‌గేట్‌నే కోర్టుకు లాగారు.

ఇంకో గొడవ, డబ్బు కడితే రెండు రోజుల్లో జర్నల్లో పేపర్ వేస్తామనే మెసేజ్‌లు. పీహెచ్‌డీ టెన్షన్‌లో ఉన్న పిల్లలు సులువుగా పడిపోతున్నారు, గైడ్లు చూసీ చూడనట్టు ఊరుకుంటున్నారు.

కాకుటూరులోని విక్రమ సింహపురి, ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాలను మేం అడిగేది చిన్నదే. వైవా రోజున థీసిస్‌తో పాటు ఒక పేజీ తెలుగు సారాంశం, రెండు నిమిషాల వీడియో తీసుకోండి, అదే సాయంత్రం వాట్సాప్‌లో వదలండి.