ఆ పైకి గీసిన బాణం గుర్తు తప్పే, కానీ తెలివితక్కువ కాదు

ఫిజిక్స్ క్లాసులో అరిస్టాటిల్ పేరు వచ్చేది ఒక్కసారే, అదీ నవ్వుకోవడానికి. తోస్తేనే వస్తువు కదులుతుందన్నాడట! ఆ వెంటనే గెలీలియో పీసా గోపురం ఎక్కి రెండు గుండ్లు వదులుతాడు, కథ కంచికి. ఆ గోపురం ముచ్చట శిష్యుడు వివియాని తర్వాతెప్పుడో రాసింది. జరిగిందనడానికి గట్టి ఆధారమే లేదు.

అరిస్టాటిల్ చెప్పింది మన కళ్లు రోజూ చెప్పేదే. బల్ల మీది పుస్తకాన్ని తోయడం ఆపగానే ఆగిపోతుంది. ఆయన చిక్కుకున్నది బాణం దగ్గర. వింటినారి వదిలేశాక దాన్ని తోసేదెవరు? గాలే అన్నాడు. 6వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఫిలోపొనస్ అనే పండితుడు ఈ మాటను ఉతికి ఆరేశాడు. గాలికే అంత సత్తా ఉంటే వెనక నుంచి తిత్తితో ఊదితే సరిపోదా, విల్లెందుకు? విసిరే చెయ్యే వస్తువులో ఏదో శక్తి నింపుతుందన్నాడు. 14వ శతాబ్దంలో పారిస్‌లో బురిడాన్ అనే పండితుడు దానికి ‘ఇంపెటస్’ అని పేరు పెట్టాడు.

ఇప్పుడు ఒక నాణెం ఎగరేయండి. అది ఇంకా పైకి వెళ్తుండగా దాని మీద పనిచేసే బలాలను బాణం గుర్తులతో గీయమని విద్యార్థుల్ని అడగండి. గాలి సంగతి వదిలేస్తే గురుత్వాకర్షణ ఒక్కటే, బాణం గుర్తు కిందికే. న్యూటన్ నియమాలు గడగడా అప్పజెప్పే ఇంజినీరింగ్ విద్యార్థుల్లో కూడా చాలామంది పైకి ఇంకోటి గీస్తారు. చెయ్యి ఇచ్చిన ఊపు ఇంకా ఉందిగా అంటారు. అచ్చం బురిడాన్ మాట!

సిలబస్‌కే టైం చాలడం లేదు, మధ్యలో ఈ చరిత్ర ఎందుకంటారు మాస్టార్లు. వాళ్ల టెన్షన్ నిజమే. కానీ రెండేళ్లు ఫార్ములాలు రుద్దినా ఆ బాణం గుర్తు చెరగనప్పుడు, మిగిలిన టైంతో సాధించిందేమిటి?

గెలీలియో అసలు పని వాలు మీద జరిగింది. సుమారు 12 మూరల చెక్క దూలం, అందులో నున్నటి గాడి, దొర్లించడానికి కంచు గుండు. సెకన్లు లెక్కపెట్టే గడియారం ఎక్కడిది? సన్నగా కారే నీళ్లు పట్టి తూచాడు. కాలం రెట్టింపైతే దూరం నాలుగింతలు! గుండు ఒక వాలు దిగి ఎదురుగా ఉన్న వాలు ఎక్కుతుందనుకోండి, ఆ ఎదురువాలు తగ్గించే కొద్దీ గుండు ఇంకా దూరం పోతుంది. వాలే లేకపోతే, ఆపేదేదీ లేకపోతే, ఆగనే ఆగదు. కారణం కావాల్సింది కదలికకు కాదు, కదలికలో మార్పుకు. 1687లో న్యూటన్ మొదటి నియమంగా రాసింది ఇదే. ఇది కంటికి కనిపించేది కాదు, కంటితో పోట్లాడి గెలుచుకున్నది. మన చదువులు ఆ పోట్లాటను దాచేసి జవాబు మాత్రం చేతిలో పెడతాయి, దాన్ని అప్పజెప్పినందుకు మార్కులు వేస్తాయి.

గెలీలియో మాత్రం పుట్టుకతోనే ఒప్పు చెప్పాడా? 1590 ప్రాంతంలో, పీసాలో పాఠాలు చెప్పే రోజుల్లో, పైకి విసిరిన రాయిలో చెయ్యి నింపిన బలం మెల్లగా తరిగిపోతుందని రాసుకున్నాడు. నాణెం ప్రశ్న ఇస్తే ఆయనా పైకే గీసేవాడు. మన పేపర్లో దానికి సున్నా.