సవరణ: తేనె పోటీల్లో రంగుకు మార్కులు ఉండవు

బ్రిటన్‌లో జరిగే తేనె పోటీల గురించి మొన్న రాసినప్పుడు రెండు తప్పులు చేశాను. లేత రంగు తేనెకే ఎక్కువ మార్కులు వస్తాయన్నాను. పేరుకున్న తేనెను పక్కన పెట్టేస్తారని కూడా రాశాను. రెండూ నిజం కాదు, క్షమించండి.

రంగు చూసేది తేనెను ఏ విభాగంలో పెట్టాలో తేల్చడానికే. లేత, మధ్యరకం, ముదురు అని విభాగాలు ఉంటాయి. సీసా పక్కన ప్రామాణిక రంగు అద్దాలు పెట్టి పోల్చి చూస్తారు. ముదురు తేనె ముదురు తేనెతోనే పోటీ పడుతుంది. తప్పు విభాగంలో పెడితే మాత్రం ఎంత మంచి తేనెకైనా బహుమతి రాదు.

పేరుకున్న తేనెకు విడిగా విభాగమే ఉంది. గ్లూకోజ్ వాటా ఎక్కువైతే తేనె త్వరగా పేరుకుంటుంది. మన దేశంలో ఆవపూల తేనె అలాంటిదే. అలా పేరుకోవడం కల్తీకి గుర్తు కాదు. నా మాట చదివి ఎవరైనా మంచి తేనె పారబోశారేమో అన్నదే నా టెన్షన్.

ఇక బుడగలు. పారే తేనెలో బుడగలు, నురగ, మైనం ముక్కలు కనిపిస్తే మార్కులు పోతాయి. కానీ హెదర్ పొద పూల తేనె జెల్లీలా ఉంటుంది కాబట్టి అందులో గాలి బుడగలు ఉండటమే సహజం. ఈ తేడా నాకు చాలా నచ్చింది.

మూత తీయగానే వచ్చే వాసన, తర్వాత రుచి కూడా చూస్తారని మొన్న రాసింది మాత్రం సరైనదే.