సంబంధం కలవకుండానే ఇల్లరికం వచ్చిన అల్లుడుగారికి

మహారాజరాజశ్రీ డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ అసిస్టెంట్ 1.0 గారి దివ్యసముఖమునకు, ఫైర్‌ఫాక్స్ ఇంటివారు వ్రాసుకొనునది. (తెలియనివారికి: వీరు మైక్రోసాఫ్ట్ వారు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తగిలించిన యాడ్-ఆన్, అంటే అనుబంధ ప్రోగ్రాం.) ఉభయకుశలోపరి. మీ కుశలం అడగక్కర్లేదనుకోండి. మిమ్మల్ని కదిపే బటనే లేనప్పుడు మీకేం లోటు!

పెళ్లిచూపులు లేవు, తాంబూలాలు లేవు. 2009 ఫిబ్రవరిలో విండోస్ అప్‌డేట్ మా ఇళ్లకు డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 3.5 సర్వీస్ ప్యాక్ 1ని మోసుకొచ్చింది. విండోస్ సరంజామా ఏదో విండోస్‌లోకి పోతోంది కదా అని సరేనన్నాం. తర్వాత ఫైర్‌ఫాక్స్ తెరిచి టూల్స్, యాడ్-ఆన్స్‌లోకి వెళ్తే పట్టెమంచం మీద మీరు! డిసేబుల్ బటన్ వెలుగుతూనే ఉంది, అబద్ధమాడకూడదు. దాని పక్కనున్న అన్‌ఇన్‌స్టాల్ మాత్రం బూడిద రంగులో, ఎంత నొక్కినా ఉలకదు పలకదు.

బూడిద ఎలా అంటుకుందో కూడా తెలుసు లెండి. మామూలు యాడ్-ఆన్ ఒక్కొక్కరి సెట్టింగులు ఉండే ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఫోల్డర్‌లో కాపురం పెడుతుంది. ఆ ప్రొఫైల్ మనిషి పొమ్మంటే పోతుంది. మీరలా కాదు. ఫైళ్లన్నీ విండోస్ ఫోల్డర్‌లో దాచుకుని, విండోస్ తన సెట్టింగులు రాసుకునే రెజిస్ట్రీలో హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద పేరు రాయించుకున్నారు. కంప్యూటర్‌లో ఎన్ని ఖాతాలుంటే అన్నిటికీ మీరే అల్లుడు. అలా బయటినుంచి నమోదైన యాడ్-ఆన్‌ను అప్పటి ఫైర్‌ఫాక్స్ ఆపగలిగేది గానీ పీకలేకపోయేది. యంత్రం వాడేవాళ్లందరికీ సౌకర్యం అందాలనే అలా చేశామని మీ తరఫువారు సెలవిచ్చారు. అందరికీ పంచాలని తోచినవారికి, ఒక్కరినైనా అడగాలని తోచలేదు.

ఇంతకీ మీరు తెచ్చిన సారె ఏమిటి? ఒకటి క్లిక్‌వన్స్. వెబ్ పేజీలో లింకు నొక్కితే డాట్‌నెట్ ప్రోగ్రాం దిగి నడవడం మొదలుపెట్టే ఏర్పాటు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఉన్నదే. ఇలాంటి చనువు పడకే కదా సగం మంది ఆ ఇల్లు వదిలి ఫైర్‌ఫాక్స్‌కు వచ్చింది! రెండోది తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం. మేం ఏ సైటుకు వెళ్లినా బ్రౌజర్ చెప్పుకునే యూజర్ ఏజెంట్ పరిచయ వాక్యం చివర ‘డాట్‌నెట్ సీఎల్ఆర్ 3.5.30729’ అని తగిలించారు. మా ఇంట్లో ఏ సామాను ఏ వెర్షన్‌లో ఉందో ఊరందరికీ చాటింపు.

మిమ్మల్ని సాగనంపే అప్పటి తంతు చూడండి. అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో రెజెడిట్, అంటే రెజిస్ట్రీని దిద్దే పరికరం, తెరవాలి. హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మొజిల్లా, ఫైర్‌ఫాక్స్, ఎక్స్‌టెన్షన్స్ దాకా దిగాలి. 64 బిట్ విండోస్ అయితే సాఫ్ట్‌వేర్ తర్వాత వావ్6432నోడ్ అనే ఇంకో గది దాటాలి. అక్కడ 20ఏ82645తో మొదలయ్యే బారెడు పేరు ఉంటుంది. ఆ ఒక్క వరుసే చెరపాలి; పొరపాటున ఎక్స్‌టెన్షన్స్ కీ మొత్తం ఎగరగొడితే మిగతా సాఫ్ట్‌వేర్ సక్రమంగా పెట్టుకున్నవీ పోతాయి. అంతటితో అయిందా? ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్ కాన్ఫిగ్ అనే సెట్టింగుల పేజీ తెరిచి, వెతుకుడు పెట్టెలో ‘మైక్రోసాఫ్ట్‌డాట్‌నెట్’ అని కొట్టి, కనిపించిన యూజర్ ఏజెంట్ వరుసను రీసెట్ చేయాలి. ఇది మరిచిపోతే మీరు వెళ్లినా మీ చాటింపు ఉండిపోతుంది. ఆ సెట్టింగు రాసుకున్నది ప్రొఫైల్‌లో కదా! చివరికి ఫైర్‌ఫాక్స్ మూసి తెరవాలి. మే నెలలో మీవాళ్లే కనికరించి అన్‌ఇన్‌స్టాల్ బటన్‌కు ప్రాణం పోశారు, దాన్నీ ఇంకో అప్‌డేట్‌గానే పంపారు. అల్లుణ్ణి పంపేయాలంటే అత్తింటికి మళ్లీ చుట్టాలు రావాలన్నమాట.

అక్టోబరు భాగోతం మరవలేనిది. 13న మైక్రోసాఫ్ట్ ఎంఎస్09-054 అనే ప్యాచ్ ఇచ్చింది. దిద్దింది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ లోపం. తీరా చూస్తే మీతోపాటే చప్పుడు చేయకుండా దిగిన తోడల్లుడు, విండోస్ ప్రెజెంటేషన్ ఫౌండేషన్ ప్లగిన్, ఆ లోపానికి ఫైర్‌ఫాక్స్‌లోనూ దారి తెరిచి పెట్టాడు. పాత ఇంటి పురుగు కొత్త ఇంటికి మంచంతో సహా వచ్చింది. 16న ఫైర్‌ఫాక్స్ తయారీదారు మొజిల్లా మీ ఇద్దరినీ బ్లాక్‌లిస్టులో వేసింది. మీ తప్పేమీ లేదని తేలి రెండ్రోజుల్లో విడుదలయ్యారు. ఒక కంపెనీ అడక్కుండా పెట్టింది, ఇంకో కంపెనీ అడక్కుండా ఆపింది. ప్యాచ్ వేసుకుని పనిలో వాడుకుంటున్న ఆఫీసులవాళ్లు మధ్యలో నలిగారు.

మీ వంశం వృద్ధిలోనే ఉంది. జావా అప్‌డేట్‌తో వచ్చిన ఆస్క్ టూల్‌బార్ మరీ గడుసుది. ముందే టిక్కు పెట్టి ఉన్న గడిలోంచి దూరి, జావా పని అయ్యాక పది నిమిషాలు మాటు వేసి అప్పుడు దిగేది. వెంటనే కంట్రోల్ ప్యానెల్‌లో వెతికినవాడికి ఏమీ కనబడదు. 2017 జనవరిలో అక్రోబాట్ అప్‌డేట్ క్రోమ్‌లోకి ఎక్స్‌టెన్షన్‌ను, అంటే అక్కడి యాడ్-ఆన్‌ను, తోసింది. క్రోమ్ 2013 నుంచీ గుమ్మంలో నిలబెట్టి ఎవరు నువ్వని అడుగుతోంది కాబట్టి సరిపోయింది. ఫైర్‌ఫాక్స్ 2011లో 8వ వెర్షన్‌తో ఆ కట్టడి పెట్టింది. ఆ ఫైర్‌ఫాక్సే 2017 డిసెంబరులో ఒక టీవీ సీరియల్ ప్రచారానికి లుకింగ్ గ్లాస్ యాడ్-ఆన్‌ను మా నెత్తిన పెట్టి తిట్లు తిన్నది, అది వేరే సంగతి.

ఇప్పటి దొంగదారి పాలసీ, అంటే సంస్థలు తమ కంప్యూటర్లలోని బ్రౌజర్‌కు పెట్టే కట్టుబాటు. సొంత కంప్యూటర్‌లో క్రోమ్ మెనూ అడుగున ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అని కనిపించి, ఎక్స్‌టెన్షన్‌కు తీసేసే బటన్ లేకపోతే మీ మనవడు దిగినట్టే అనుమానించాలి. క్రోమ్ పాలసీ పేజీలో ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్ ఉందేమో చూడాలి. ఉంటే రెజిస్ట్రీలో సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ కింద అదే పేరున్న కీలో 32 అక్షరాల గుర్తింపు దొరుకుతుంది. దాన్ని చెరిపి క్రోమ్ మళ్లీ తెరవాలి. ఆఫీసువాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌లో మాత్రం చెయ్యి పెట్టకండి, అక్కడ అది నిజంగా సంస్థ పెట్టిందే.

మిమ్మల్ని చూసి బెదిరి అప్‌డేట్లే ఆపేసుకున్న ఇళ్లు ఉన్నాయి, అల్లుడుగారూ. ఆ ఇళ్లకు ఎంఎస్09-054 కూడా చేరలేదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ అత్తింటివారు

తా.క.: యూజర్ ఏజెంట్ రీసెట్ ఒక్కొక్క ప్రొఫైల్‌లో విడిగా చేయాల్సి వచ్చేది. నలుగురు వాడే కంప్యూటర్‌లో నాలుగుసార్లు.