బండి కీర్తిశేషులది, పెట్రోలు మనది

ఓటర్ల జాబితాలో చనిపోయినవాళ్లు ఉన్నారని ఎన్నికలొచ్చినప్పుడల్లా గొడవ చేస్తాం. వాళ్లకు మోటార్‌సైకిళ్లు కూడా ఉన్నాయన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ఆదివారం పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డులో కాసేపు నిలబడండి. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వైపు పాత బుల్లెట్లు, జావాలు, యెజ్డీలు, రాజ్‌దూత్‌లు వరసగా పోతుంటాయి. తోలేవాడికి ముప్పై ఏళ్లుంటాయి, బండికి యాభై దాటుంటాయి, సి-బుక్కులో, అంటే రిజిస్ట్రేషన్ పుస్తకంలో, పేరున్న పెద్దమనిషి కాలం చేసి ఎన్నాళ్లయిందో వాళ్ల ఇంట్లోవాళ్లే చెప్పాలి. మనవాడేమో పక్కన నిలబడి 'నా బండి' అని ఫొటోలు దిగుతాడు. చట్టం దృష్టిలో అతను కీర్తిశేషుల దగ్గర జీతం లేకుండా పనిచేస్తున్న డ్రైవరు.

నవ్వులాటకు అనడం లేదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి ఎవరి పేరున రిజిస్టరై ఉందో ఆయనే ఓనరు. డబ్బు ఎవరిచ్చారు, ఆయిల్ ఎవరు మార్పిస్తున్నారు, వానాకాలంలో పట్టా ఎవరు కప్పుతున్నారు అన్నవి చట్టానికి అనవసరం. చేతులు మారుతూ మారుతూ పోయి చివరికి ప్రమాదం చేసిన ఒక కారు విషయంలో సుప్రీంకోర్టు 2018లో ఇదే చెప్పింది: రిజిస్టర్లో పేరు ఎవరిదో పరిహారం బాధ్యత ఆయనదే, ఎప్పుడో అమ్మేశానంటే కుదరదు. అంటే బండి అమ్మేసి డబ్బు లెక్కపెట్టుకుని హాయిగా నిద్రపోతున్న పెద్దలందరూ ఒకసారి లేచి కూర్చోవాలి. శాశ్వతంగా నిద్రపోయినవారిని లేపే మార్గం చట్టంలో లేదు.

విచిత్రమేమిటంటే, పేరు మార్చడమంత తేలిక పని ఇంకోటి లేదు. అదే చట్టం 50వ సెక్షన్ చూడండి. రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినాయన 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నాయన 30 రోజుల్లో. ఫారం 29 ఒకటి, ఫారం 30 ఒకటి, కాస్త ఫీజు. ఇంత సులువైన పనిని తరతరాల సమస్యగా పెంచి పెద్దచేసిన ఘనత పూర్తిగా మనది. అన్నిటికీ ఆఫీసులనే తిట్టే అలవాటున్నవాళ్లు ఈ ఒక్కసారికి క్షమించాలి.

పెంచిన పద్ధతి పేరు ఓపెన్ సంతకాలు. అమ్మేవాడు ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇస్తాడు. కొన్నవాడు వాటిని పూరించడు, ఎందుకంటే పూరిస్తే ఫీజు కట్టాలి, పైగా రేపు అమ్మేటప్పుడు సి-బుక్కులో ఇంకో పేరు పెరిగి ధర తగ్గుతుంది. అందుకని ఫారాలను ఒక పాలిథిన్ కవర్లో పెట్టి, బండితోపాటు తర్వాతివాడికి అప్పజెబుతాడు. అతనూ అంతే. సంతకమేమీ ఆవకాయ కాదు, ఊరేకొద్దీ బాగుపడటానికి. కానీ బేరం దగ్గర ఆ కవరు చూపించి బ్రోకరు ఎంత ధీమాగా చెబుతాడంటే, వినేవాడికి కళ్లు చెమరుస్తాయి: "పేపర్లన్నీ క్లియరే బాబూ, పేరొక్కటే మారాల."

కంచరపాలెంలో మాకు తెలిసిన ఒకతను ఈ ఒక్క వాక్యం విని 1968 నాటి జావా కొన్నాడు. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ చేసిన బండి. ఆ కంపెనీ 1973 ప్రాంతాల్లో తన బండ్లకు యెజ్డీ అని పేరు మార్చింది, 1996లో మూతపడింది. జావాలో ఒకే లివరు కిక్కుకీ గేరుకీ పనిచేస్తుందని అందరూ మెచ్చుకుంటారు గానీ, మన విషయానికి అసలైన విశేషం దాని తాళం. అది తాళంలా ఉండదు, చిన్న మేకులా ఉంటుంది. ఒక జావా తాళం ఇంకో జావాకి కూడా పట్టేదని పాతవాళ్లు చెబుతారు. బండి ఎవరిదన్న పట్టింపు కంపెనీవాళ్లకే లేనప్పుడు కంచరపాలెం మనిషిని తప్పుపట్టి ఏం లాభం?

అతను కవరు విప్పాడు. లోపలి ఫారాలు 1939 నాటి పాత చట్టం కింద అచ్చయినవి. ఆ చట్టం రద్దయి, 1988 చట్టం 1989 జూలై 1 నుంచి అమల్లోకొచ్చింది. సంతకం పెట్టినాయన పోయాడు సరే, ఫారాన్ని కన్న చట్టం కూడా పోయింది. ఇద్దరికీ కలిపి ఒక సంతాప సభ పెట్టొచ్చు, పేరు మార్పు మాత్రం జరగదు.

పోనీ పాత రిజిస్టరు చూసి ముందుకు కదులుదామంటే అక్కడ భూగోళం అడ్డుపడింది. మొదటి ఓనరుది విజయనగరం. 1968లో విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఊరు, కాబట్టి బండి విశాఖలో రిజిస్టరయింది. 1979 జూన్ 1న విజయనగరం కొత్త జిల్లా అయింది. బండి పెరట్లోనే ఉంది, పెరడు ఇంటి వెనకే ఉంది, ఊరు మాత్రం జిల్లా మారిపోయింది. ఇప్పుడు ఒక ఆఫీసులో అడిగితే "ఆ పుస్తకాలు అటు పంపేశాం" అంటారు, రెండో ఆఫీసులో అడిగితే "అవి మాకు రాలేదు" అంటారు. రెండు మాటలూ నిజమే అయ్యుండొచ్చు. పుస్తకాలు దారిలో ఏ భోగాపురం దగ్గరో టీకి ఆగి ఉంటాయి. ఆన్‌లైన్లో నంబరు కొట్టి చూస్తే అలాంటి వాహనమే లేదని వచ్చింది. లేని వాహనానికి ఇన్సూరెన్స్ ఎందుకు లేదని ఎన్ఏడీ జంక్షన్లో కానిస్టేబుల్ ఆపి అడగడం వేరే సంగతి.

ఈ సందర్భంగా ఒక సాటి వాహనాన్ని గుర్తుచేయక తప్పదు. మన బీచ్ రోడ్డులోని కుర్సురా సబ్‌మెరైన్. సోవియట్ యూనియన్లో తయారై 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది, అంటే మన జావా కంటే ఏడాది చిన్నది. 2001 ఫిబ్రవరిలో రిటైరైంది. తొంభై మీటర్ల పైచిలుకు పొడవున్న ఆ ఇనుప తిమింగలాన్ని సముద్రంలోంచి ఒడ్డుకు లాగి, ఇసుకలో పునాది మీద కూర్చోబెట్టి, నేవీ చేతుల్లోంచి నగరాభివృద్ధి సంస్థ వుడా చేతుల్లో పెట్టి, 2002 ఆగస్టుకల్లా మ్యూజియంగా ప్రారంభించేశారు. మొత్తం ఏడాదిన్నర. టార్పెడో గొట్టాలున్న జలాంతర్గామి చేతులు మారడానికి పట్టిన సమయం అది. ఇండికేటర్లు కూడా లేని జావా అదే నగరంలో ఇప్పటికీ విజయనగరం పెద్దమనిషి పేరునే ఉంది. అసలు పాత బండ్లన్నిటినీ ముందు నేవీకి అమ్మి, వాళ్ల దగ్గర కొనుక్కుంటే పని త్వరగా అవుతుందేమో పరిశీలించాలి.

ఇక చాసిస్ నంబరు, అంటే బండి ఫ్రేము మీద కొట్టి ఉండే నంబరు. పేరు మార్పుకో రెన్యువల్‌కో వెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు బండి చూస్తారు, నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీయమంటారు. విశాఖ ఉప్పుగాలి కిటికీ ఊచల్నే బతకనివ్వదు, యాభై ఏళ్ల ఇనుము మీద అంకెల్ని ఎందుకు వదుల్తుంది? అది తిన్నంత తిన్నాక మిగిలినదాన్ని మనవాడు స్వయంగా పూర్తిచేశాడు. బండి కొన్న ఉత్సాహంలో ఆటోనగర్‌కి తీసుకెళ్లి ఫ్రేమంతా తుప్పు గీకించి, మెరిసే నల్లరంగు పౌడర్ కోటింగ్ వేయించాడు. అద్దంలో చూసుకోవచ్చు. పెన్సిల్‌తో రుద్దితే కాగితం మీద మంచి నలుపు పడింది, అంతకుమించి ఏమీ పడలేదు.

మెకానిక్ ఓదార్చాడు: "ఏటి సార్ టెన్షను, నంబరు పంచ్‌తో కొత్తగా కొట్టించేద్దుం." ఈ ఒక్కచోట వ్యంగ్యం పక్కన పెట్టి చెబుతున్నాను, ఆ పని చేయకండి. ఇప్పటిదాకా మీరు పేరు మారని కొనుగోలుదారు మాత్రమే. నంబరు మళ్లీ కొట్టించిన క్షణం నుంచి దొంగబండి అనుమానం మొదలవుతుంది, ఆ తర్వాత మీ నిజాయితీని నిరూపించే కాగితం ఏ కవర్లోనూ దొరకదు. రంగు వేయించేముందే నంబరు ఫొటో తీసుకుని, సి-బుక్కులోని చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రెండిటితో సరిచూసుకోవడం బుద్ధిమంతుల పని. ఇంజిన్ వేరే బండిది అయితే దానికీ అనుమతి ఉండాలి, ఆ మార్పూ సి-బుక్కులోకి ఎక్కాలి. బుద్ధిమంతులు పాత జావా కొంటారా అన్నది వేరే చర్చ.

చివరికి ఎవరో దయగల ఏజెంటు చెప్పాడు, ఓనరు చనిపోతే ఫారం 31 ఉందని. నిజమే. ఓనరు పోయిన 30 రోజుల్లో వారసులు ఆఫీసుకు తెలపాలి, మూడు నెలల్లో తమ పేరున మార్చమని దరఖాస్తు చేయాలి. ఆ తర్వాత వారసుల దగ్గర మనం కొనుక్కోవచ్చు. ఎప్పుడో మొదటి ఓనరు డబ్బు తీసుకుని అమ్మేసిన బండిని, ఇప్పుడు వాళ్ల పిల్లలు వారసత్వంగా పొంది, మళ్లీ మనకే అమ్మాలన్నమాట. మధ్యలో తోలిన ముగ్గురు నలుగురూ చట్టం లెక్కలో పుట్టనే లేదు.

మనవాడు విజయనగరం వెళ్లాడు. మొదటి ఓనరు భార్య, మామ్మగారు, అరుగుమీదే ఉన్నారు. బండి ఫొటో చూపిస్తే ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, "ఒరే నాయినా, ఇదింకా బతికుందేటి! దీనిమీదే నన్ను పైడితల్లమ్మ సిరిమానుకి తీసుకెళ్లేవోరు" అన్నారు. కాఫీ ఇచ్చారు. సంతకానికి ఆవిడ సిద్ధమే. కానీ తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లో ఆవిడతోపాటు ఇద్దరు కొడుకుల పేర్లు కూడా ఉంటాయి. ఒకరు బెంగళూరు, ఇంకొకరు గాజువాక. మధురవాడలో ఒక ప్లాటు విషయమై ఇద్దరికీ మాటల్లేవు. తమ్ముడు అఫిడవిట్ చదివి, "మా అన్న సంతకం ఉన్న కాయితం మీద నాను సంతకం పెడితే రేపు ప్లాటు కేసులో వాడికి పనికొస్తాది" అన్నాడు. అన్న ఫోన్లోనే చెప్పాడు: లాయర్ని అడగాలట. లాయరు ఏమన్నాడంటే, ప్లాటు తేలేదాకా నాన్నగారి స్థిరచరాస్తులు ఏవీ కదిలించొద్దన్నాడు. జావా చరాస్తి అని ఆయన ఎలా నమ్మాడో తెలియదు, అది స్టార్టయి నెల దాటింది.

అప్పుడు ఈ వ్యాసకర్తకు ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. మామ్మగారు మన కంచరపాలెం మనిషిని దత్తత తీసుకుంటే సరి. అతనూ వారసుడే అవుతాడు, సంతకాల్లో తన సంతకం తనే పెట్టుకోవచ్చు. పుస్తకం తిరగేస్తే 1956 నాటి హిందూ దత్తత చట్టం అడ్డొచ్చింది. దత్తత వెళ్లేవాడికి 15 ఏళ్లు నిండకూడదు, ఆచారం ఉంటే తప్ప. పైగా కొడుకు ఉన్న ఇంటికి కొడుకు దత్తత కుదరదు. బండి రిజిస్ట్రేషన్‌కీ మొదటి గడువు 15 ఏళ్లే. మనదేశంలో బిడ్డకైనా బండికైనా ఆ వయసు దాటితే కొత్త ఇల్లు దొరకడం కష్టమని తేలింది. దత్తత ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను.

మిగిలిన దారి వింటేజ్. 2021లో కేంద్రం ఈ నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండి వింటేజ్ కింద నమోదవుతుంది. కొత్తగా నమోదైతే నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి, పాత నంబరున్నవాళ్లు దాన్నే ఉంచుకోవచ్చు. కొత్త నమోదుకు ఫీజు 20,000 రూపాయలు, మళ్లీ నమోదుకు 5,000, చెల్లుబాటు 10 ఏళ్లు. మామూలు రెన్యువల్ అయితే 20 ఏళ్లు దాటిన మోటార్‌సైకిల్‌కి 2025 ఆగస్టు నుంచి 2,000 రూపాయలే. ఏ దారిలో వెళ్లినా ముందు బండి నీదని చూపించాలి, అది మరిచిపోకండి. అయినా మనవాడికి వింటేజ్ మీదే మనసు పడింది, 20,000 అనగానే వస్తువు గొప్పదని నమ్మకం కుదిరినట్టుంది. ఈ బండ్లని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకు, సాంకేతిక పరిశోధనకు, వింటేజ్ ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు మాత్రమే తోలాలి.

ఈ జాబితా రాసిన అధికారి ఎవరో గానీ తప్పకుండా ఒకప్పుడు జావా ఓనరే. పెట్రోలు బంకుకీ మెకానిక్ దగ్గరికీ కాక పాత టూ-స్ట్రోక్ బండి ఇంకెక్కడికి వెళ్తుంది? అది నడి రోడ్డులో ఆగిపోయినప్పుడు చుట్టూ జనం మూగితే అదే ప్రదర్శన. ప్లగ్గు తీసి చూడటం పరిశోధన. వెనకనుంచి నలుగురు తోస్తే ర్యాలీ కూడా అయిపోయినట్టే.

ఇంతలో మామ్మగారి దగ్గరనుంచి కబురొచ్చింది. కొడుకుల్ని తనే ఒప్పిస్తారట. ఇద్దరి చేతా సంతకాలు పెట్టించే పూచీ తనది, కాకపోతే ఒక షరతు: ఆ బండి మీద తనని ఒక్కసారి సింహాచలం అప్పన్న దర్శనానికి తీసుకెళ్లాలి. దర్శనం ప్రదర్శన కిందికి రాదు, పరిశోధన అసలే కాదు. అందుకే మనవాడు ఇప్పుడు సింహాచలం కొండ కింద అడివివరం చుట్టుపక్కల పెట్రోలు బంకులు వెతుకుతున్నాడు.