క్లీన్ రొమాన్స్ అనగానే మూతి తిప్పుకునే బ్యాచ్‌కి

పాతకాలం తెరచాప ఓడల మీద నడిచే ప్రేమకథలంటే నాకు పిచ్చి. అందులోనూ బెడ్‌రూమ్ సీన్లు లేని క్లీన్ రొమాన్స్ దొరికిందా, తిండీ నిద్రా మానేసి చదువుతా. ఈ మాట చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు "అంత చప్పటి కథలు ఎలా చదువుతావ్, చివర్లో ఒక్క ముద్దు కోసం నాలుగొందల పేజీలా?" అని నవ్వుతారు. అవును, నాలుగొందల పేజీలే, ఇంకో యాభై ఎక్కువైనా నాకేం అభ్యంతరం లేదు.

వీళ్ళ లెక్కలో క్లీన్ అంటే రచయిత కత్తెర పట్టుకుని సీన్లు కోసేయడం. మిగతా కథల సంగతి నాకు తెలీదు గానీ ఓడ కథలో ఆ కత్తెర పని ఓడే చేసేస్తుంది. 1805లో స్పెయిన్ తీరం దగ్గర జరిగిన ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ ఉన్న విక్టరీ అనే యుద్ధనౌకనే తీసుకోండి, గన్ డెక్ (ఫిరంగులుండే అంతస్తు) పొడవు దాదాపు 57 మీటర్లు, ఉన్న జనం సుమారు 820 మంది. కళాసీలు ఉయ్యాల పడకల్లో ఒకళ్ళనొకళ్ళు రాసుకుంటూ పడుకోవాలి. ఆఫీసర్ల గదులన్నా పల్చటి చెక్క అడ్డాలే, యుద్ధం వస్తోందంటే వాటిని కూడా ఊడదీసి పక్కన పెట్టేస్తారు. గోడలకి చెవులుంటాయంటారు కదా, ఇక్కడ గోడలే సరిగ్గా లేవు, చెవులు మాత్రం ఎనిమిదొందల జతలు!

ఇక అలాంటి చోట హీరో హీరోయిన్ మాట్లాడుకోవాలంటే ఎలా? అర్ధరాత్రి నుంచి నాలుగింటి దాకా లెఫ్టినెంట్‌కి డెక్ మీద డ్యూటీ, ఆమె నిద్రపట్టట్లేదని పైకొస్తుంది, పక్కనే చుక్కాని పట్టుకుని కళాసీ నిలబడి ఉంటాడు, వాడు పైకి దిక్సూచి చూస్తున్నట్టే ఉంటాడు గానీ వాడి ప్రాణమంతా వీళ్ళ మాటల మీదే. అందుకని ఇద్దరూ నక్షత్రాల గురించి మాట్లాడుకుంటారు, నక్షత్రాల ఎత్తు కొలిచి ఓడ ఎక్కడుందో లెక్కగట్టే సెక్స్‌టెంట్ అనే పరికరం ఎలా పట్టుకోవాలో అతను చెప్తాడు, ఆమె మోచెయ్యి కొంచెం పైకెత్తాలి, తనే ఎత్తొచ్చు, కానీ ఎత్తడు, "ఇంకొంచెం పైకి" అని నోటితోనే చెప్తాడు. ఇంతలో అరగంటకోసారి కొట్టే ఓడ గంట మోగుతుంది, ఆమె కిందికెళ్ళిపోతుంది. ఏమీ జరగలేదు, అయినా నేను ఆ పేజీ మళ్ళీ మొదట్నుంచి చదువుతా. ఇది చప్పగా ఉందంటే నాలుక మీదే ఏదో తేడా ఉంది బాబూ.

పైగా ఎదురుచూపులు. ఇప్పటి కథల్లో బ్లూ టిక్ వచ్చి రిప్లై రాకపోతే అదే పెద్ద ట్రాజెడీ. ట్రఫాల్గర్ యుద్ధం అక్టోబర్ 21న అయితే, నెల్సన్ పోయాడన్న వార్త లండన్ చేరేసరికి నవంబర్ 6, అదీ స్పెయిన్ తీరం నుంచి, ప్రత్యేకంగా పికిల్ అనే చిన్న ఓడనిచ్చి పంపితే. దేశం మొత్తానికి కావాల్సిన వార్తకే రెండు వారాలు దాటితే మామూలు లెఫ్టినెంట్ ఉత్తరానికి దిక్కెవరు? ఆ కథల్లో కళ్ళు నిజంగానే కాయలు కాస్తాయి. అపార్థాలు కూడా బలవంతంగా పుట్టించక్కర్లేదు, ఒక్క ఉత్తరం సముద్రంలో పోతే చాలు.

"ఇదంతా కల్పన, ఆడవాళ్ళు ఓడలెక్కి సాహసాలు చేశారా ఏంటి" అనేవాళ్ళు మేరీ పాటెన్ గురించి చదవండి. 1856లో నెప్ట్యూన్స్ కార్ అనే క్లిప్పర్ (వేగంగా వెళ్ళే తెరచాప) ఓడ న్యూయార్క్ నుంచి దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తోంది, కెప్టెన్ ఆమె భర్త జాషువా. డ్యూటీ సరిగ్గా చెయ్యట్లేదని ఫస్ట్ మేట్‌ని, అంటే తన తర్వాతి ఆఫీసర్‌ని, నిర్బంధంలో పెట్టాడు, తర్వాత తనే జబ్బుతో మంచం పట్టాడు, ఆ తర్వాతి సెకండ్ మేట్‌కేమో నావిగేషన్, అంటే ఓడ దారి లెక్కగట్టడం, రాదు. ఈవిడకి 19 ఏళ్ళు, కడుపుతో ఉంది. అంతకుముందు ప్రయాణంలో భర్త దగ్గర నేర్చుకున్న లెక్కలతో ఓడ నడుపుతూ, కింద ఆయనకి సేవ చేస్తూ నవంబర్‌కి రేవు చేర్చింది. ఇంతకన్నా పెద్ద రొమాన్స్ ఏముంటుంది? భర్త మరుసటి ఏడాదే పోయాడు. నవలైతే బతికించేవాళ్ళు, నిజం చెప్పాలంటే నాకూ ఆ ముగింపే కావాలి.

అలాగని ఈ జానర్‌లో అన్నీ బాగుంటాయని కాదు. సగం పుస్తకాల్లో ఓడ ఉత్త సెట్టింగే, తీసేసి హోటల్ పెట్టినా కథ మారదు. హీరోయిన్ మగవేషంలో నెలలు గడిపేస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. అమ్మా, కళాసీల మరుగుదొడ్డి ఓడ ముక్కు దగ్గర, అందరికీ కనపడేలా ఉంటుంది, దానికి ఏం చేసిందో ఒక్క లైన్ రాయొచ్చుగా! ఫ్రెంచి నావికుడు బుగన్‌విల్ 1760ల్లో చేసిన ప్రపంచయాత్రలో జాన్ బారే అనే ఆవిడ నిజంగానే మగవేషంలో వెళ్ళింది, కానీ ఆమె ఉన్నది వృక్షశాస్త్రవేత్త కొమ్మెర్సన్ సహాయకుడిగా, వాళ్ళ సామాన్లు ఎక్కువని కెప్టెన్ తన గదే ఇచ్చేశాడు, అందుకే అన్నాళ్ళు గుట్టు దాగింది. చూడండి, నిజం కథ కంటే ఎంత పకడ్బందీగా ఉందో.

నాకు నిజంగా ఒళ్ళు మండేది ఇంకోటి. హీరోయిన్ తండ్రి బ్రిస్టల్‌లో చక్కెర వ్యాపారి, పెద్ద ఇల్లు, పట్టు గౌన్లు, ఆ చక్కెర కరీబియన్‌లో ఎవరి చేత పండించారో మాత్రం కథలో ఎక్కడా రాదు. బానిస వ్యాపారాన్ని బ్రిటన్ 1807లో నిషేధించింది, 1808 నుంచి వాళ్ళ నేవీయే పశ్చిమాఫ్రికా తీరంలో బానిస ఓడల్ని పట్టుకునేది. హీరోని ఆ డ్యూటీలో వెయ్యండి, తిరిగొచ్చి కాబోయే మావగారి ముందు కూర్చోబెట్టండి, ముద్దుల ఊసే లేకుండా ఎంత కథ నడుస్తుందో! ఇంత సరుకు చేతిలో పెట్టుకుని మళ్ళీ ఆ సముద్రపు దొంగ కిడ్నాప్ కథే రాస్తారు.

ఆ కవర్లు కూడా మార్చండి దయచేసి. లోపలేమో చెయ్యి తగిలితేనే క్షమాపణ చెప్పే కెప్టెన్, కవర్ మీదేమో తుఫాన్లో చొక్కా గుండీలన్నీ విప్పుకుని నిలబడ్డ ఆసామి. బస్సులో పట్టుకుని చదవాలంటే అట్ట వేసుకోవాల్సొస్తోంది.